కుడి చెంప బరువు, ఒకే ముక్కులో కుళ్లు వాసన: తప్పు ముక్కుదా, పంటిదా?

ప్రశ్న: వయసు 38. నాలుగు నెలలుగా కుడి చెంపలో బరువు, వంగితే నొప్పి. కుడి ముక్కులోంచి మాత్రమే పసుపచ్చగా కారుతోంది. కుళ్లు వాసన నాకే తెలుస్తోంది. యాంటీబయాటిక్స్ మూడు కోర్సులు వాడాను. వాడినన్నాళ్లు తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. మూడేళ్ల కిందట కుడివైపు పై దవడ పంటికి రూట్ కెనాల్ అయింది. డెంటిస్టు చిన్న ఎక్స్‌రే తీసి పన్ను బాగానే ఉందన్నారు. సీటీ రిపోర్టులో ఇలా ఉంది: ముక్కు దూలం ఎడమకి వంకర, స్పర్, కుడివైపు కాంకా బుల్లోసా, కుడి మాక్సిల్లరీ సైనస్ పూర్తిగా నిండింది, మిగతా సైనస్‌లు క్లియర్, 16వ పంటి వేరు దగ్గర సైనస్ నేల ఎముక పలచబడింది. ఒక డాక్టరు దూలం సరిచేసి, సైనస్ ఆపరేషన్ కూడా చేద్దామన్నారు. మా బావగారేమో సైనస్‌కి ఒకసారి కత్తి పెడితే జీవితాంతం పెట్టించుకోవాల్సిందే అంటున్నారు. ఆపరేషన్‌కి అంగిలి కోస్తారా? అంగిలి మధ్యలో గట్టి బొడిపె కూడా తగులుతోంది, అది క్యాన్సర్ కాదు కదా?

జవాబు: రిపోర్టు మొత్తం పెట్టి మంచి పని చేశారు. చాలామంది మొదటి రెండు వాక్యాలు పెట్టి ఊరుకుంటారు. మీ విషయంలో అసలు కథ ఆఖరి వాక్యంలో ఉందని నా అనుమానం. నేను ఈఎన్‌టీ సర్జన్‌ని, 22 ఏళ్లుగా ఇదే పని. అయినా మిమ్మల్ని చూడకుండా, ఎండోస్కోపు పెట్టకుండా చెబుతున్న మాటలివి. ఆ మేరకే తీసుకోండి.

మనవాళ్లు "నాకు సైనస్ ఉంది" అంటుంటారు. సైనస్ అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. ముఖం ఎముకల్లో ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల పేరది. పాఠ్యపుస్తకాల్లో వాయుకోటరాలు అని చదివే ఉంటారు. నాలుగు జతలు. నుదుటి ఎముకలో ఒక జత. ఇది పుట్టుకతో ఉండదు, ఆరేడేళ్లకి ఎక్స్‌రేలో కనపడటం మొదలవుతుంది. కాబట్టి మూడేళ్ల పిల్లాడికి నుదుటి సైనస్ పట్టిందని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు కళ్ల మధ్య తేనెపట్టులా చిన్న చిన్న అరలు, అవి ఎత్మాయిడ్. కంటికీ వాటికీ మధ్య గోడ ఎంత పలచనంటే దాని లాటిన్ పేరుకి అర్థమే కాగితం పొర. పుర్రె నడిబొడ్డున స్పీనాయిడ్ ఉంటుంది. దాని గోడల్ని ఆనుకునే కంటి నరం, మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళం పోతాయి. నెత్తిన పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది. ఆ గ్రంథిలో కణితి వస్తే ఈ రోజుల్లో ముక్కులోంచి, ఈ గది మీదుగా వెళ్లి తీసేది అందుకే.

మీకు సంబంధించింది నాలుగోది, చెంప వెనక పై దవడ ఎముకలో ఉండే మాక్సిల్లరీ సైనస్. అన్నిట్లోకీ పెద్దది. పెద్దవాళ్లలో సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్ల చోటు. దీని కట్టుబడిలో ఒక చిత్రం ఉంది. గది నేల ఎక్కడో కింద పళ్ల దగ్గర ఉంటే, బయటికి పోయే దారి మాత్రం ముక్కు వైపు గోడలో చూరుకి దగ్గరగా ఉంటుంది. ఆ దారి కూడా రెండు మూడు మిల్లీమీటర్ల సందు. మన స్నానాల గదికి తూము పైకప్పు దగ్గర పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. నాలుగు కాళ్ల మీద నడిచే జంతువుకి ఈ ఏర్పాటు బాగానే పనికొస్తుంది, నిలబడ్డ మనిషికే ఇబ్బంది.

మరి అందులో ఊరే శ్లేష్మం బయటికెలా వస్తుంది? లోపలి పొర మీద కంటికి కనపడని నూగు ఉంటుంది. ఆ వెంట్రుకలు సెకనుకి పది పదిహేను సార్లు కొట్టుకుంటూ, శ్లేష్మాన్ని గోడల వెంట పైకి మోసుకెళ్లి ఆ సందులోంచే బయటికి తోస్తాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ అనే డాక్టరు దీన్ని దగ్గరుండి గమనించి చూపించారు. గదికి కింద ఇంకో కన్నం పెట్టినా శ్లేష్మం దాన్ని తప్పుకుని, పాత దారికే ఎక్కుతుంది. అంత మొండిది. ఈ ఒక్క సంగతి మీద సైనస్ సర్జరీ మొత్తం మారిపోయింది, ఆ మాట తర్వాత.

మీరు రాయలేదు గానీ, ఒకటి గమనించి చూడండి. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నప్పుడు కుడి ముక్కులోంచి ఎక్కువ కారుతుందా? అలా పడుకుంటే కుడి సైనస్ దారి కిందికి వస్తుంది, లోపల నిలిచింది జారుతుంది. పేషెంట్లు "డాక్టరుగారూ, పొద్దున లేచి తల వంచగానే ఒక్కసారిగా పడుతుంది" అంటే నా చెయ్యి సీటీ ఫిల్ముల కవరు మీదకి పోతుంది.

ఇప్పుడు నేల సంగతి. రిపోర్టులో 16వ పన్ను అంటే మీ నోట్లో పదహారో పన్ను కాదు. డెంటిస్టులు నోటిని నాలుగు భాగాలు చేసి, పై కుడి భాగానికి 1 ఇస్తారు. ముందు నుంచి లెక్కపెడితే ఆరో పన్ను, అంటే కుడివైపు పై మొదటి దవడ పన్ను. మీరు రూట్ కెనాల్ చేయించుకున్నది ఇదేనా? వెంటనే పాత కాగితాలు వెతకండి. పై దవడ పళ్ల వేర్లకీ సైనస్ నేలకీ మధ్య చాలామందిలో పలచటి ఎముక రేకు ఉంటుంది. కొందరిలో అదీ ఉండదు, వేరు కొనకి పైన సైనస్ పొర ఒక్కటే అడ్డం. పిల్లల్లో ఈ నేల ముక్కు నేల కంటే ఎత్తులో ఉంటుంది. పన్నెండేళ్లకి సుమారు సమానం అవుతుంది. శాశ్వత దంతాలన్నీ దిగాక సైనస్ ఇంకా కిందికి సాగి, వేర్ల మధ్యకి కూడా జారుతుంది. అందుకే పంటి చీము చెంప గదిలోకి ఎక్కడం పెద్దవాళ్ల జబ్బు.

ఈ బంధుత్వం కొత్తగా తెలిసిందేం కాదు. 1651లో ఇంగ్లండులో నథానియల్ హైమోర్ ఈ సైనస్‌ని వర్ణిస్తూ ఒక స్త్రీ సంగతి రాశాడు. ఆవిడ కోరపన్ను పీకించుకుంటే ఆ గుంటలోంచి చీము కారడం ఆగలేదు. ఏముందో చూద్దామని ఈక దూర్చి చూసుకుంటే అది పైకి వెళ్తూనే ఉందట. ఆవిడ హడలిపోయింది. హైమోర్ అక్కడ ఖాళీ గది ఉంటుందని చెప్పి సర్దిచెప్పాడు. ఆ తర్వాత కౌపర్ అనే సర్జన్ ఏకంగా మొదటి దవడ పన్ను పీకి, ఆ గుంటలోంచే సైనస్ చీము బయటికి తీసేవాడు. మొరటు పద్ధతే, కానీ నేల ఎక్కడుందో ఆయనకి బాగా తెలుసు. ఇప్పటికీ పన్ను పీకించుకున్నాక "నీళ్లు పుక్కిలిస్తే ముక్కులోంచి వస్తున్నాయి" అంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లని నేను చూస్తుంటాను.

పైగా పై పళ్లకి వెళ్లే నరాలు ఈ సైనస్ గోడల్లోంచే దిగుతాయి. అందుకని మామూలు జలుబుతో సైనస్ వాచినా పై పళ్లు నాలుగైదు కలిపి సలుపుతాయి, మంచి పన్నుని పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. అదే పంట్లో జబ్బుంటే నొప్పి చెంపకి వస్తుంది. రూట్ కెనాల్ అయిన పంట్లో నరం ఉండదు కాబట్టి పన్ను నొప్పి పుట్టకపోవచ్చు. "పన్ను నొప్పి లేదు కదా" అన్న మాటతో పన్నుకి నిర్దోషి అని తీర్పు ఇవ్వలేం.

డెంటిస్టు గారు తప్పు చెప్పారని కాదు. చిన్న ఎక్స్‌రేలో పై దవడ పంటి మీద చెంప ఎముక నీడ, సైనస్ నేల గీత, మూడు వేర్లు అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈ మొదటి దవడ పంటికి బుగ్గ వైపు రెండు వేర్లు, అంగిలి వైపు ఒకటి. బుగ్గ వైపు ముందు వేరులో చాలామందికి రెండో కాలువ దాగి ఉంటుంది. రూట్ కెనాల్‌లో దొరక్కుండా తప్పించుకునేది ఎక్కువగా ఇదే. దీన్ని తేల్చడానికి కోన్ బీమ్ సీటీ అని పళ్ల కోసమే తీసే స్కాన్ ఉంది. వేరు కొన చుట్టూ నల్లటి గుంట ఉందా, ఆ గుంటకీ సైనస్‌కీ మధ్య ఎముక ఉందా అన్నది అందులో స్పష్టంగా కనపడుతుంది.

ఒకవైపే, అదీ చెంప సైనస్ ఒక్కటే నిండటం, కుళ్లు వాసన, పై దవడ పంటికి పాత వైద్యం. ఈ మూడూ కలిస్తే నేను ముందు పన్నునే అనుమానిస్తాను. జలుబు, ఎలర్జీ వల్ల వచ్చే సైనసైటిస్ సాధారణంగా రెండు పక్కలా ఎంతో కొంత ఉంటుంది, ముక్కుదిబ్బడ ఎక్కువ, వాసన తక్కువ. కుళ్లు వాసన ఆక్సిజన్ లేని చోట పెరిగే బాక్టీరియాది, వాటి పుట్టిల్లు పళ్లు, చిగుళ్లు. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గి మళ్లీ రావడానికి కారణమూ ఇదే. ట్యాంకులోకి మురికినీటి పైపు కలిసి ఉంటే ఎన్నిసార్లు బ్లీచింగ్ వేసి ఏం లాభం.

ఒకవైపు జబ్బుకి వేరే కారణాలూ ఉన్నాయి. సైనస్‌లో ఫంగస్ ఉండ కట్టడం ఒకటి. రూట్ కెనాల్‌లో నింపిన పదార్థం సైనస్‌లోకి జారితే దాని చుట్టూ కూడా ఇది కట్టొచ్చు. అరుదుగా పాలిప్‌లా, అంటే పొర ఉబ్బి వేలాడే మెత్తటి ముద్దలా, కనపడే కణితి ఉంటుంది. అందుకే ముక్కులో ఎండోస్కోపు పెట్టి చూడకుండా ఎవరూ ఏదీ ఖాయం చేయకూడదు. ముఖ్యంగా ఒకే ముక్కులోంచి రక్తపు చారలు వస్తుంటే, చెంప మొద్దుబారితే, ఆలస్యం వద్దు.

నేనూ ఈ తప్పు చేశాను. సర్జన్‌గా కొత్తలో ఒకాయనకి కుడి సైనస్ దారి వెడల్పు చేశాను, బాగా జరిగింది. ఆరు నెలలకి తిరిగొచ్చాడు. రెండోసారీ శుభ్రం చేశాను. మూడోసారి నాతో పనిచేసే పళ్ల డాక్టరమ్మ ఫిల్ములు లైటు మీద పెట్టి, వేరు కొన మీద వేలు పెట్టి, నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఆ పన్ను తీశాక ఆయన మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన మొదటి వాక్యాలు. ముక్కు దూలం, అంటే రెండు ముక్కుల మధ్య అడ్డగోడ, ముందు మృదులాస్థి, వెనక రెండు ఎముకలు కలిసి తయారవుతుంది. నిట్టనిలువుగా ఉన్నవాళ్లు తక్కువే. సీటీ తీస్తే సగానికి పైగా మందికి ఎంతో కొంత వంకర రాస్తారు. మీ వంకర ఎడమకి, జబ్బు కుడికి. వంకర వల్లే జబ్బు అయితే ఎడమ సైనస్ కదా ముందు మూసుకోవాలి! స్పర్ అంటే ఆ గోడ మీద పొడుచుకొచ్చిన మొన. కాంకా బుల్లోసా అంటే మధ్య టర్బినేట్‌లో గాలి బుడగ. చాలామందికి ఉంటుంది, తెలియకుండానే బతికేస్తారు.

టర్బినేట్లంటే పక్క గోడల నుంచి ముక్కులోకి వేలాడే మూడు మడతలు. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తడి చేసి పంపడం వీటి పని. "ముక్కులో కండ పెరిగింది" అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే చాలాసార్లు అది కింది టర్బినేట్ ఉబ్బు. ఇవి ఊరికే కూడా ఉబ్బి తగ్గుతుంటాయి. కొన్ని గంటలు ఒక ముక్కు, ఆ తర్వాత రెండోది ఎక్కువ గాలి తీసుకుంటుంది. 1895లో కైసర్ అనే జర్మన్ డాక్టరు దీన్ని రాసిపెట్టాడు. మన యోగులు సూర్యనాడి, చంద్రనాడి అంటూ అంతకు చాలా ముందే గమనించిన మార్పు ఇదే. కాబట్టి "ఒకసారి ఈ ముక్కు, ఒకసారి ఆ ముక్కు మూసుకుంటోంది" అన్నది చాలావరకు జబ్బు కాదు. మీకు రోజంతా ఎడమ ముక్కు ఆడక నిద్ర పట్టకపోతే దూలం సంగతి విడిగా ఆలోచించవచ్చు. లేకపోతే ఈ జబ్బు పేరుతో దూలం ముట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు.

మీ బావగారి మాట పాతకాలానికి కొంత నిజం. 1893లో అమెరికాలో కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో లూక్ చెప్పిన పద్ధతిలో పై పెదవి ఎత్తి, చిగురు పైన కోసి, ఎముకకి కన్నం పెట్టి, సైనస్ లోపలి పొర మొత్తం గీకేసేవారు. పైన చెప్పిన నూగు అంతా పోయేది. కింద ఇంకో కన్నం పెట్టేవారు, శ్లేష్మం దాన్ని పట్టించుకునేది కాదు. చెంప తిమ్మిరి, మళ్లీ మళ్లీ చీము, నిజంగానే ఉండేవి. ఇప్పుడు చేసేది 1985 నుంచి ఫెస్ అనే పేరుతో వ్యాపించిన ఎండోస్కోపు పద్ధతి. ముక్కులోంచే వెళ్లి, సహజంగా ఉన్న దారినే పెద్దది చేస్తారు, మంచి పొరని కదిలించరు. బయట గాటు ఉండదు, అంగిలి కొయ్యరు. అయితే పాలిప్స్, ఆస్తమా ఉన్నవాళ్లకి ఫెస్ తర్వాత కూడా జబ్బు తిరిగి వస్తుంది, అది వాళ్ల పొర స్వభావం. మీ బావగారు చూసింది అలాంటివాళ్లనేమో. పంటి వల్ల వచ్చినదైతే, పన్ను సంగతి తేలాక ఫలితం చాలా బాగుంటుంది.

అంగిలి గురించి అడిగారు కాబట్టి. సైనస్ నేల వేరు, ముక్కు నేల వేరు. గట్టి అంగిలి ముక్కుకి నేల, నోటికి పైకప్పు. ముందు ముప్పాతిక భాగం పై దవడ ఎముక, వెనక పావు వంతు అంగిలి ఎముక. ముక్కు దారి ఈ నేల వెంట తిన్నగా వెనక్కి పోతుంది, పైకి కాదు. కోవిడ్ రోజుల్లో స్వాబ్ పుల్లని చెవి వైపు తిన్నగా తోయమన్నది అందుకే. నుదుటి వైపు పొడిచిన కొత్త కుర్రాళ్లు జనాన్ని బాగా ఏడిపించారు.

మధ్యలో తగిలే బొడిపె ఎముకలా గట్టిగా, నొప్పి లేకుండా, నున్నగా, ఎన్నాళ్లుగానో ఉంటే అది దాదాపు టోరస్ అనే ఎముక పెరుగుదలే. హాని లేదు. చాలామంది పంటి గొడవ వచ్చి నాలుకతో వెతుక్కునే దాకా దాన్ని గమనించరు. డెంటిస్టు దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు, వేలితో తాకించి అడగండి. పుండు పడినా, మెత్తగా ఉన్నా, త్వరగా పెరుగుతున్నా అది వేరే సంగతి.

వెనక మెత్తటి అంగిలి, దాని చివర కొండనాలుక. మింగేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఇది లేచి ముక్కు దారి మూస్తుంది. మన వర్ణమాలలో ఙ, ఞ, ణ, న, మలని అనునాసికాలు అన్నారు. ఆ అక్షరాలకి మెత్తటి అంగిలి కిందికి దిగి గాలిని ముక్కులోకి వదులుతుంది. ముక్కు గట్టిగా మూసుకుని "మామ" అనండి, "బాబ" లాగా వస్తుంది. పడిశం పట్టినవాడి మాట అలా ఉండేది దానికే. గ్రహణం మొర్రితో అంగిలి కూడా చీలి పుట్టిన పిల్లల్లో దీనికి ఎదురు, అన్ని అక్షరాలూ ముక్కులోంచి వస్తాయి. ఆ అంగిలి కండరాల్లో ఒకటి చెవిలోకి వెళ్లే గొట్టాన్ని కూడా తెరుస్తుంది. విమానం దిగేటప్పుడు గుటక వేస్తే చెవి టక్కుమనడం దాని పని. అంగిలి చీలిన పిల్లలకి చెవిలో నీరు చేరడం కూడా అందువల్లే.

మీకు షుగర్ ఉందా? రాయలేదు. తప్పకుండా చెప్పండి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు, తెలంగాణలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి ప్రధాన కేంద్రంగా పెట్టిన ఆ నెలల్లో, ముక్కు, సైనస్, అంగిలి, కన్ను ఎంత దగ్గరి ఇరుగుపొరుగో మాకందరికీ మళ్లీ తెలిసొచ్చింది. షుగర్ అదుపులో లేనివాళ్లకి ముక్కులో మొదలై, అంగిలి మీద నల్లమచ్చగా, కదిలే పళ్లుగా, వాచిన కన్నుగా బయటపడేది. మీది నాలుగు నెలల నెమ్మది జబ్బు, ఆ పోలిక లేదు. టెన్షన్ పడకండి. కానీ షుగర్ ఒకసారి చూపించుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకుండా, రూట్ కెనాల్ స్పెషలిస్టు దగ్గరికి ఈ సీటీ తీసుకెళ్లండి. "16వ పంటి వేరు కొన మీద ఎముక ఉందా, దొరకని కాలువ ఉందా?" అని ఈ మాటలతోనే అడగండి. వాళ్లే కోన్ బీమ్ రాస్తారు. పన్ను దోషి అని తేలితే మళ్లీ రూట్ కెనాల్ చేయడమో, పన్ను తీసేయడమో వాళ్లు చెబుతారు. కొందరికి దాంతోనే సైనస్ ఖాళీ అవుతుంది. కొన్ని వారాలు చూసినా ఖాళీ కాకపోతే అప్పుడు ఫెస్. రెండూ కలిపి చేయాల్సిన కేసులూ ఉంటాయి. మీ ఈఎన్‌టీ డాక్టరు, పళ్ల డాక్టరు ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకుంటే మీ నెల రోజులు మిగులుతాయి. నాలుగో కోర్సు యాంటీబయాటిక్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

ఈలోగా ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. పావు లీటరు నీళ్లకి అర టీస్పూను కంటే కాస్త తక్కువ ఉప్పు. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి, కుళాయివి పనికిరావు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో జలనేతి చేసుకున్న ఇద్దరు, నీళ్లలో ఉండే అమీబా మెదడుకి ఎక్కి చనిపోయారు. ముక్కు చూరులో వాసన నరాలు దిగే చిల్లుల పలక మీదుగా అది పోతుంది. స్ప్రే ఇచ్చి ఉంటే కుడి ముక్కులో ఎడమ చేత్తో, కంటి బయటి మూల వైపు కొట్టుకోండి. దూలం మీదకి కొట్టుకుంటే రక్తం కారుతుంది తప్ప మందు వెళ్లదు.

కన్ను వాచినా, ఒకటి రెండుగా కనపడినా, చూపు తగ్గినా, జ్వరంతో మెడ పట్టేసినా ఇవేవీ చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. కోన్ బీమ్ అయ్యాక 16వ పంటి దగ్గర అడ్డంగా, నిలువుగా తీసిన రెండు బొమ్మలు పెట్టండి, చూస్తాను.